అలారం 'వెంట్ ఆఫ్' అంటే మోగిందా, ఆగిందా?

మోగింది. 'ది అలారం వెంట్ ఆఫ్ ఎట్ టూ' అని క్లయింటు మెయిల్ పెట్టారంటే, రాత్రి 2 గంటలకు అలారం మోగడం మొదలైందని అర్థం. బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో నైట్ షిఫ్ట్ చేస్తున్న మీరు దాన్ని '2 గంటలకు అలారం ఆగింది' అని అర్థం చేసుకుని రిపోర్టు రాశారు. అందుకే అటువైపు వాళ్లకు మీ లెక్క అర్థం కాలేదు. ముందు ఆ రిపోర్టు సరిచేసి పంపండి. 'ది అలారం వాజ్ ట్రిగర్డ్ ఎట్ టూ ఏయెమ్' అని రాస్తే ఏ దేశంలో చదివినా ఒకే అర్థం వస్తుంది. ఆగిన సమయం కూడా రాయాలంటే 'ది అలారం స్టాప్డ్' అనండి. రిపోర్టుల్లో అలారం గురించి 'ఆఫ్' అనే మాటే వాడకపోవడం మంచిది. 'టర్న్డ్ ఆఫ్' అంటే ఆపేశారని, 'వెంట్ ఆఫ్' అంటే మోగిందని అర్థం. నిద్రమత్తులో చదివేవాళ్లకు ఈ రెండూ కలిసిపోతాయి.

మీ రెండో ప్రశ్న దీనికంటే పెద్దది. ఇంత చిన్న మాటకు ఇన్ని అర్థాలు ఎందుకు, వీటిని గుర్తుపెట్టుకునే దారి ఏమైనా ఉందా అని అడిగారు. మారతహళ్లిలో తెలుగు పిల్లలకు ఆఫీసు ఇంగ్లీషు నేర్పుతున్న నాకు ఈ 'ఆఫ్' దగ్గర తడబడేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ కనిపిస్తారు. వాళ్లలో చాలామంది చదువులో చురుకైనవాళ్లే. కాబట్టి మీకు ఇంగ్లీషు రాదేమోనని టెన్షన్ పడకండి. ఈ మాట మన దగ్గరికి వచ్చిన దారిలోనే చిక్కు ఉంది.

మనకు 'ఆఫ్' స్విచ్ బోర్డు మీద పరిచయమైంది. శివనసముద్రం నుంచి వచ్చిన కరెంటుతో 1905లో బెంగళూరు వీధుల్లో దీపాలు వెలిగాయి. ఆ తరవాత కరెంటు ఎక్కడికి వెళితే అక్కడికి ఆన్, ఆఫ్ అనే జంట మాటలూ వెళ్లాయి. ఇప్పుడు కన్నడంలో 'ఆఫ్ మాడి', తమిళంలో 'ఆఫ్ పణ్ణు', మన దగ్గర 'ఆఫ్ చెయ్యి'. పలక పట్టకముందే పిల్లలకు వచ్చే ఇంగ్లీషు మాటల్లో ఇదొకటి. దానికి తోడు తెలుగులో 'ఆపు' అనే మాట ఉంది. లైటు ఆపు, లైటు ఆఫ్ చెయ్యి. వినడానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. ఆ రెంటికీ పుట్టుకలో ఏ సంబంధమూ లేదు. కానీ చెవికి దగ్గరగా ఉండటంతో, ఆఫ్ అంటే ఆగడం, ఆపడం అని మన మనసులో గట్టిగా పడిపోయింది.

నిజానికి స్విచ్ అర్థం ఈ మాటకు చాలా ఆలస్యంగా వచ్చినది. కరెంటు రావడానికి వందల ఏళ్ల ముందు నుంచీ 'ఆఫ్' ఉంది. దాని అసలు అర్థం ఆగడం కాదు, విడివడటం. ఉన్న చోటు నుంచి, అంటుకున్న దాని నుంచి, ఉండవలసిన తీరు నుంచి దూరం కావడం. స్విచ్‌లో కూడా జరిగేది అదే. లోపల రెండు లోహపు ముక్కలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి, కరెంటు దారి తెగుతుంది. ఫ్యాను ఆగడం ఆ తెగడానికి ఫలితం మాత్రమే. మనం ఫలితాన్ని అర్థంగా పట్టుకున్నాం.

ఈ మాటకు చుట్టం ఒకటి తెలుగులో రోజూ మన నోట్లో ఆడుతూనే ఉంది. అది 'అప' అనే ఉపసర్గ. సంస్కృతం నుంచి వచ్చిన అపహరణ, అపకీర్తి, అపశకునం, అపస్వరం లాంటి మాటల ముందు ఉండే 'అప', ఇంగ్లీషు 'ఆఫ్' ఒకే పాత మూలం నుంచి వచ్చాయి. గ్రీకులో అదే 'అపో' అయింది. ఇస్రో ప్రయోగాల వార్తల్లో 'అపోజీ' అని చదువుతుంటారు కదా, ఉపగ్రహం భూమికి అన్నిటికంటే దూరంగా ఉండే బిందువు, దానిలో ఉన్నది ఆ 'అపో'. లాటిన్‌లో 'అబ్' అయింది, అబ్‌సెంట్, అబ్‌నార్మల్ మాటల్లో కనిపించేది అదే. జర్మన్‌లోనూ 'అబ్', అక్కడి రైల్వే టైమ్ టేబుళ్లలో రైలు బయలుదేరే సమయాన్ని ఆ మాటతోనే చూపిస్తారు. అన్నిటిలోనూ ఉన్న భావం ఒకటే, దూరం కావడం.

ఇది పండితులకే పనికొచ్చే సంగతి అనుకోకండి. క్లాసులో నేను దీన్ని పనిముట్టుగా వాడతాను. అపస్వరం అంటే ఉండవలసిన స్వరం నుంచి తొలగినది, ఇంగ్లీషులో 'ఆఫ్ కీ'. అపహరించడం అంటే ఎత్తుకుపోవడం, 'క్యారీ ఆఫ్'. 'అప'ను అచ్చ తెలుగు మాటలకు కూడా తగిలించి 'అపనమ్మకం' అని చేసుకున్నామంటే, ఆ భావం మనకు ఎంత సొంతమో చూడండి. ఇకనుంచి 'ఆఫ్' కనిపించినప్పుడు స్విచ్‌ను కాకుండా 'అప'ను తలుచుకోండి. సగం వాక్యాలు వాటంతటవే విడిపోతాయి.

మిగతా సగానికి తెలుగులో ఇంకో తాళంచెవి ఉంది. మనం క్రియల వెనక 'పోవు', 'వేయు' తగిలిస్తాం. ఎగిరిపోయింది, ఊడిపోయింది, పారిపోయాడు. తాగేశాడు, అమ్మేశాడు, తీర్చేశాడు. ఇంగ్లీషువాళ్లు క్రియ వెనక 'ఆఫ్' పెట్టి చాలాచోట్ల చేసే పని ఇదే. పక్షి ఎగిరిపోతే 'ఫ్లూ ఆఫ్', గుండీ ఊడిపోతే 'కేమ్ ఆఫ్', దొంగ పారిపోతే 'ర్యాన్ ఆఫ్'. బస్సులో కునుకు పట్టి నిద్రపోతే 'డోజ్డ్ ఆఫ్'. ఇవన్నీ 'పోవు' వరుస. పూర్తిగా కానిచ్చేసే పనులు 'వేయు' వరుస. అప్పు తీర్చేస్తే 'పెయిడ్ ఆఫ్', పొలం అమ్మేస్తే 'సోల్డ్ ఆఫ్', మిగిలిన పని ముగించేస్తే 'ఫినిష్డ్ ఆఫ్'. 'ఐ పెయిడ్ ద లోన్' అంటే ఒక్క కిస్తీ కట్టినా అనుకోవచ్చు. 'ఐ పెయిడ్ ఆఫ్ ద లోన్' అంటే ఇక బాకీ ఏమీ లేదు. కట్టాను, కట్టేశాను అనే మాటల మధ్య ఉన్న తేడా లాంటిది ఇది. ప్రతి చోటా ఇలా అతకదు, కానీ అతికిన చోట వ్యాకరణ పుస్తకం చెప్పలేనంత సూటిగా అర్థం తెలుస్తుంది.

పాలు విరిగిపోతే బ్రిటన్‌లో 'ద మిల్క్ హాజ్ గాన్ ఆఫ్' అంటారు. అందులో 'పోవు' ఉంది, 'అప' కూడా ఉంది. పాలు తమ సహజమైన తీరు నుంచి తప్పాయి. అమెరికావాళ్లు దీన్ని ఎక్కువగా 'గాన్ బ్యాడ్' అంటారు, మీ క్లయింటు ఎక్కడివారో చూసుకోండి.

ఇప్పుడు మీ అలారం దగ్గరికి వద్దాం. ఈ వాడుక తుపాకీల కాలంనాటిది. తుపాకీలో మందుగుండు బిగించి ఉంటుంది, మీట నొక్కగానే పట్టు తప్పి గుండు బయటికి దూసుకుపోతుంది. దాన్ని 'ద గన్ వెంట్ ఆఫ్' అన్నారు. పట్టి ఉంచినది ఒక్కసారిగా వదులైపోయిందని భావం. పాత కీ గడియారాల్లో అలారం కూడా ఇలాగే పనిచేసేది. చుట్టిన స్ప్రింగును ఒక చిన్న కొక్కెం పట్టుకుని ఉండేది, పెట్టిన సమయం రాగానే కొక్కెం తప్పుకునేది, స్ప్రింగు విప్పుకుంటూ గంటను మోగించేది. అందుకే బాంబు, టపాకాయ, తుపాకీ, అలారం నాలుగూ 'గో ఆఫ్' అవుతాయి. మీ కంట్రోల్ రూములో స్ప్రింగులు లేకపోయినా మాట అలాగే నిలిచిపోయింది. ఫ్యాను, లైటు, ఏసీ లాంటి నిరంతరం నడిచే వస్తువులు 'వెంట్ ఆఫ్' అంటే మాత్రం ఆగిపోయాయనే. 'ద లైట్స్ వెంట్ ఆఫ్ అండ్ ద అలారం వెంట్ ఆఫ్' అన్న వాక్యంలో దీపాలు ఆరాయి, అలారం మోగింది. అది కాచుకుని కూర్చున్నదా, నడుస్తున్నదా అని చూస్తే చాలు. కాచుకున్నది పేలుతుంది లేదా మోగుతుంది, నడుస్తున్నది ఆగుతుంది.

ఆఫీసులో మీకు ఎక్కువగా ఎదురయ్యే ఇంకో వాడుక 'తేడాగా ఉండటం'. 'యువర్ నంబర్స్ ఆర్ ఆఫ్' అన్నారంటే మీ లెక్కలు తప్పాయని. 'ఆఫ్ బై టూ' అంటే సరైన సంఖ్యకు రెండు తేడా. ప్రోగ్రామర్లు 'ఆఫ్ బై వన్ ఎర్రర్' అని పేరు పెట్టుకున్న తప్పు ఉంది. లెక్క సున్నా నుంచి మొదలవ్వాలా, ఒకటి నుంచా అనే దగ్గర పొరబడి ఒకటి ఎక్కువో తక్కువో లెక్కించడం. 'సమ్‌థింగ్ ఫీల్స్ ఆఫ్' అంటే ఏదో తేడాగా ఉంది. ఈ చివరిది మన తెలుగు వాడుకకు అచ్చంగా సరిపోతుంది, ఎందుకంటే మనం కూడా 'వీడు ఏదో తేడాగా ఉన్నాడు' అనే అంటాం.

చోటు గురించి చెప్పే 'ఆఫ్' మీకు బెంగళూరు అడ్రసుల్లో రోజూ కనిపిస్తుంది. 'ఆఫ్ సర్జాపూర్ రోడ్', 'ఆఫ్ హోసూర్ రోడ్'. అంటే ఆ రోడ్డు మీద కాదు, దాని నుంచి చీలిన దారిలో అని. చర్చ్ స్ట్రీట్‌ను 'ఆఫ్ బ్రిగేడ్ రోడ్' అనడం ఇలాగే, బ్రిగేడ్ రోడ్డు నుంచి మళ్లితే అది వస్తుంది. ఎంత దూరమన్నది ఆ మాట చెప్పదు, అది మాత్రం గుర్తుంచుకోండి. పీజీ, అంటే భోజనంతో అద్దెకిచ్చే గది, వెతుక్కునేటప్పుడు 'ఆఫ్' ఉన్న అడ్రసుకు ముందు మ్యాప్ తెరిచి, మెయిన్ రోడ్డు నుంచి నడిచే దూరం చూసుకోవాలి. కొన్ని అపార్టుమెంట్లు ఆ రోడ్డు పేరు పెట్టుకుని చాలా లోపల ఉంటాయి.

తుఫాను రోజుల్లో వాతావరణ శాఖ బులెటిన్లలో 'అలాంగ్ అండ్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ కోస్ట్' అని వస్తుంది. అలాంగ్ అంటే తీరం వెంబడి, ఆఫ్ అంటే తీరం విడిచి సముద్రం లోపల. వేటకు వెళ్లే మత్స్యకారులకు ఆ రెండు మాటలూ వేర్వేరు హెచ్చరికలు. కాకినాడ దగ్గర సముద్రంలో గ్యాస్ తీసే పనిని ఆఫ్‌షోర్ అనేది కూడా ఇందుకే. మరి సముద్రమే లేని బెంగళూరులో కూర్చున్న మీ టీమును 'ఆఫ్‌షోర్ టీమ్' అని ఎందుకంటారు? అది క్లయింటు నిలబడిన చోటు నుంచి చూసిన మాట. తన దేశపు తీరం దాటి జరిగే పని కాబట్టి ఆఫ్‌షోర్. 'ఆఫ్' ఎప్పుడూ ఎక్కడి నుంచి దూరం అన్న ప్రశ్నకు జవాబుగానే ఉంటుంది. ఎవరి చోటు నుంచి కొలుస్తున్నారో పట్టుకుంటే తికమక ఉండదు.

మీది కడప జిల్లా పల్లె అన్నారు కాబట్టి ఇది మీకు బాగా అందుతుంది. ఎడ్లను కాడికి కట్టేటప్పుడు ఎడమది దాపటి ఎద్దు, కుడిది వలపటి ఎద్దు అంటారు. దాపు అంటే దగ్గర. ఇంగ్లీషువాళ్లు గుర్రాల దగ్గర ఇదే పని చేశారు. గుర్రాన్ని నడిపే మనిషి ఎడమవైపు ఉంటాడు కాబట్టి ఎడమది 'నియర్ సైడ్', కుడిది మనిషికి దూరంగా ఉంది కాబట్టి 'ఆఫ్ సైడ్'. క్రికెట్‌లో ఆఫ్ సైడ్, ఆఫ్ స్టంప్, ఆఫ్ స్పిన్ అన్నీ ఆ దారిలో వచ్చినవే. బ్రిటన్‌లో ఇప్పటికీ కారు కుడిపక్కను ఆఫ్ సైడ్ అంటారు. బండి కట్టిన రైతు రెండు చోట్లా ఒకే తీరుగా ఆలోచించాడని తెలిసినప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది, ఆ సంతోషం పిల్లల ముఖాల్లోనూ చూస్తుంటాను.

సెలవుల సంగతి కొంచెం జాగ్రత్తగా చదవండి, ఇక్కడ మన దేశపు వాడుక వేరు. 'డే ఆఫ్' అంటే సెలవు రోజు. 'ఆఫ్ డే' అంటే ఏ పనీ సరిగా కుదరని రోజు. 'నిన్న నాకు ఆఫ్ డే' అని మీరు సెలవు ఉద్దేశంతో చెబితే, వినేవాళ్లు మీ పని బాగా సాగలేదని అనుకుంటారు. 'కంప్ ఆఫ్' (సెలవు రోజున పనిచేసినందుకు ఇచ్చే బదులు సెలవు), 'వీక్ ఆఫ్' (వారపు సెలవు) మన ఆఫీసుల్లో అందరికీ తెలుసు. బయటి దేశాలవాళ్లకు చెప్పేటప్పుడు మాత్రం 'ఐయామ్ టేకింగ్ మండే ఆఫ్' అనండి చాలు. 'మూడ్ ఆఫ్' కూడా మనదే, వాళ్లకు 'ఐయామ్ ఇన్ ఎ బ్యాడ్ మూడ్' అనాలి. 'ఐయామ్ ఆఫ్' అంటే సందర్భాన్ని బట్టి ఇక బయలుదేరుతున్నానని కావచ్చు, డ్యూటీలో లేనని కావచ్చు. 'ఐయామ్ ఆఫ్ టు మైసూరు' అంటే మైసూరు బయలుదేరాను, 'ఐయామ్ ఆఫ్ టుడే' అంటే ఈ రోజు పనిలో లేను. దీనికి మనం ఇంకో చిక్కు చేర్చాం. మన నోట్లో 'హాఫ్'లో హకారం చాలాసార్లు జారిపోతుంది. ఆఫ్ టికెట్, ఆఫ్ కేజీ, ఆఫ్ డే లీవ్. ఫోనులో 'టుమారో ఆఫ్ డే' అని మేనేజరుకు చెబితే సగం రోజు సెలవని మీ ఉద్దేశం, ఆయనకు వినిపించేది వేరు. ఇలాంటిది మెయిల్లో రాసి పెట్టండి.

మీటింగుల్లో వచ్చేవి కొన్ని. 'కాల్ ఆఫ్' అంటే రద్దు చేయడం, వేటకుక్కలను వెనక్కి పిలవడం లాంటిది. 'పుట్ ఆఫ్' అంటే వాయిదా వేయడం. మీటింగ్ 'పుట్ ఆఫ్' అయితే మళ్లీ ఉంటుంది, 'కాల్ ఆఫ్' అయితే ఉండదు, ఈ తేడా తప్పనిసరిగా తెలియాలి. 'లెట్స్ టేక్ దిస్ ఆఫ్‌లైన్' అన్నప్పుడు నెట్ కట్ చేయమని కాదు, ఈ సంగతి మీటింగ్ అయ్యాక విడిగా మాట్లాడుకుందామని. 'సైన్ ఆఫ్' రెండు రకాలు. క్లయింటు 'సైన్ ఆఫ్' ఇచ్చారంటే ఆమోదించారు, సహోద్యోగి 'ఐయామ్ సైనింగ్ ఆఫ్' అంటే ఈ రోజుకు పని ముగించి వెళ్తున్నారు. 'లే ఆఫ్' మొదట్లో పని లేనప్పుడు కార్మికులను కొన్నాళ్లు పక్కన ఉంచడానికి వాడేవారు, పని రాగానే మళ్లీ పిలిచేవారు. ఇప్పుడు మన ఐటీ కంపెనీల వార్తల్లో ఆ మాటకు ఉద్యోగం పోవడమనే అర్థం. అయినా 'ఫైర్డ్'కు దీనికి తేడా ఉంది. లే ఆఫ్ అయినవాళ్ల తప్పేమీ ఉండనక్కర్లేదు. ఇంటర్వ్యూలో మీ సంగతి చెప్పుకునే రోజు వస్తే సరైన మాట వాడండి, అది మీ గౌరవానికి సంబంధించినది.

'అప'తోనూ 'పోవు'తోనూ లొంగనివి కొన్ని ఉన్నాయని కూడా చెప్పాలి. 'వెల్ ఆఫ్' అంటే కలిగినవాళ్లు, 'షో ఆఫ్' అంటే గొప్పలు చూపించుకోవడం, 'టెల్ ఆఫ్' అంటే మందలించడం, 'పుల్ ఆఫ్' అంటే కష్టమైన పనిని సాధించడం. వీటికి కారణాలు అల్లుకుంటూ కూర్చోవద్దు. వాక్యంతో సహా నేర్చుకోండి, అంతే.

వాక్యంలో దాని స్థానం మీద ఒక్క నియమం ఉంది, అది తప్పితే చెవికి వెంటనే తెలుస్తుంది. రద్దు చేయండి అనాలంటే 'కాల్ ఇట్ ఆఫ్' అనాలి, 'కాల్ ఆఫ్ ఇట్' అనకూడదు. 'ఇట్', 'దెమ్' లాంటి చిన్న సర్వనామాలు క్రియకూ ఆఫ్‌కూ మధ్యలో కూర్చోవాలి. పూర్తి పేరు చెబితే ఎటైనా సరే, 'కాల్ ఆఫ్ ద మీటింగ్', 'కాల్ ద మీటింగ్ ఆఫ్' రెండూ ఒప్పే. కానీ బస్సు దిగడం లాంటి చోట, ఆఫ్ ఆ వస్తువుకే చెందినప్పుడు, 'గెట్ ఆఫ్ ఇట్' అనే అనాలి. 'గెట్ ఇట్ ఆఫ్' అంటే దాన్ని ఊడదీయమని అవుతుంది. బస్సు విషయంలో మనం 'గెట్ డౌన్' అంటాం, బెంగళూరులో అందరికీ అర్థమవుతుంది. బయటివాళ్లతో 'గెట్ ఆఫ్' అనండి.

చివరిగా మీరు అడిగిన ఉచ్చారణ. 'బ్యాంక్ ఆఫ్ బరోడా'లో ఉన్నది ఒకే ఎఫ్‌తో రాసే వేరే మాట, కానీ తెలుగులో రెంటినీ ఒకేలా రాస్తాం. చిత్రమేమిటంటే పాత ఇంగ్లీషులో అవి నిజంగానే ఒక్క మాట. నొక్కి పలికినప్పుడు ఒకటి, తేల్చి పలికినప్పుడు ఇంకొకటి అయి, 17వ శతాబ్దం నాటికి రాతలో కూడా స్థిరంగా విడిపోయాయి. బ్యాంకు పేరులో ఉన్నది 'అవ్' లాగా తేలికగా, వకారంతో పలకాలి. మనం మాట్లాడుతున్నది పెదవిని పంటితో నొక్కి, ఊదుతూ పలకాలి. 'ఆఫ్ ద కోస్ట్ అవ్ కాకినాడ' అని నాలుగుసార్లు పైకి అనండి, రెండూ విడివిడిగా వినపడతాయి. అమెరికన్లు మాటల్లో ఈ రెంటినీ కలిపి 'ఆఫ్ అవ్' అంటుంటారు, 'బేస్డ్ ఆఫ్ అవ్ దిస్ డేటా' అని కూడా రాస్తారు. మీ క్లయింటు మెయిల్లో అది కనిపిస్తే 'దీని ఆధారంగా' అని అర్థం చేసుకోండి. మీ రిపోర్టులో మాత్రం 'బేస్డ్ ఆన్' అనే రాయండి.